స్ప్రింగు బాబాయి కుర్చీ

మా ఆఫీసులో మనుషులు రెండు రకాలు. లేచి నిలబడేవాళ్ళు ఒక రకం, ఎవరిని చూసి లేవాలో వాళ్ళు రెండో రకం. మొదటి రకంలో మేమంతా ఉన్నాం. రెండో రకంలో సూపరింటెండెంట్ గారు ఒక్కరే ఉన్నారు. పైనుంచి డైరెక్టర్ గారు దిగినప్పుడు మాత్రం ఆయన కూడా మా రకంలోకి వచ్చేస్తారు. ఆ పూటంతా ఆయన మొహం చూస్తే జాలేస్తుంది. డైరెక్టర్ గారు వెళ్ళిపోయాక ఆయన మా మీద అరవడం మొదలుపెడితే ఆ జాలి పోతుంది.

మాది జనన మరణ ధ్రువపత్రాలు ఇచ్చే ఆఫీసు. పొడుగాటి హాలు. ఒక చివర సార్ గది, రెండో చివర బాత్‌రూమ్, మధ్యలో మా బల్లలు. సార్‌కి షుగరు ఉంది. అంచేత ఆయన రోజంతా ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూనే ఉంటారు. వెళ్ళేటప్పుడు ఒకసారి లేస్తాం, తిరిగొచ్చేటప్పుడు ఇంకోసారి లేస్తాం. ఇలా లేవాలని ఎక్కడా రాసి లేదు. సార్ కూడా నోరు తెరిచి అడగలేదు. ఎప్పుడో ఎవరో లేచారు, ఆ తర్వాత కూర్చునే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కాలం గడిచేకొద్దీ ఎవరి తెలివి కొద్దీ వాళ్ళం ఆ శ్రమ తగ్గించుకున్నాం. నేను ఫైలు అందుకుంటున్నట్టు సగం లేస్తాను. క్యాషియర్ కుర్చీ కాస్త వెనక్కి జరిపి ఊరుకుంటాడు. స్టోర్‌కీపర్ అయితే కనుబొమలు మాత్రమే లేపుతాడు.

పూర్తిగా, నిటారుగా, చొక్కా సర్దుకుని లేచేది ఒక్క బాబాయి.

ఆయన నాకు బాబాయి కాదు, ఆఫీసులో ఎవరికీ కాదు. వయసులో పెద్దవాడు, నోట్లో నాలుక లేనివాడు, అందుకని అందరికీ బాబాయి అయిపోయాడు. వెనకాల మాత్రం స్ప్రింగు బాబాయి అంటాం. సార్ గది తలుపు కిర్రుమనేసరికి ఆయన లేచి ఉంటాడు. ఫోన్లో సార్ గొంతు వినిపించినా లేస్తాడు. పాత సూపరింటెండెంట్ గారి ఫోటో గోడకి తగిలిస్తుంటే దాన్ని చూసి కూడా లేచాడని క్యాషియర్ చెబుతాడు. క్యాషియర్ మాటల్లో సగమే నమ్మాలి గానీ, ఈ ఒక్క విషయంలో నేను మొత్తం నమ్ముతాను.

నా బల్ల ఆయన బల్లకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. రోజంతా ఆ లేవడం చూసి చూసి ఒకరోజు విసుగొచ్చి అడిగాను.

"ఎందుకు బాబాయ్ అంత ఆర్భాటం? సగం లేస్తే చాలదూ?"

"సగం లేవడం నాకు చేతకాదమ్మాయ్" అన్నాడు. "మా నాన్న ఒక పెద్ద బట్టల షాపులో తలుపు తీసే పని చేసేవాడు. పొద్దున వెళ్తే షాపు మూసేదాకా నిలబడే ఉండాలి. అక్కడ స్టూలు కూడా వేసుకోకూడదు. ఇంటికొచ్చి కాళ్ళు గోడకి ఆనించి పడుకుని, 'ఒరేయ్, నువ్వు మాత్రం కూర్చుని చేసే ఉద్యోగం చెయ్యాలిరా' అనేవాడు. చేస్తున్నాను కదా మరి. రోజంతా కూర్చోనిస్తున్నారు, కాసేపు లేస్తే నా సొమ్మేం పోయింది?"

నేనేదో అనబోయేలోపు తలుపు కిర్రుమంది. ఆయన పూర్తిగానూ, నేను సగమూ లేచాం.

బాబాయి ఈ ఆఫీసులో టైపిస్టుగా చేరాడు. టైపు మిషన్లు పోయి కంప్యూటర్ వచ్చినప్పుడు దాని దగ్గరికి వెళ్ళాలంటే అందరికీ భయమే. భయమని చెప్పుకోలేక తలా ఒక జబ్బు చెప్పాం. నాకు కళ్ళ మంటలు, క్యాషియర్‌కి మెడనొప్పి, స్టోర్‌కీపర్‌కి రెండూ. బాబాయి ఒక్కడే సాయంత్రాలు కంప్యూటర్ నేర్పే చోటికి వెళ్ళి, మనవళ్ళ వయసు పిల్లల పక్కన కూర్చుని నేర్చుకొచ్చాడు. నేర్పే అమ్మాయి గదిలోకి వచ్చినప్పుడల్లా లేచేవాడట. ఆ అమ్మాయి సిగ్గుతో చచ్చిపోయి, చివరికి ఆయన ఉన్నంతసేపూ బయటికే వెళ్ళకుండా పాఠం చెప్పిందట. అందుకే ఆయనకి అంత బాగా వచ్చిందని నా అనుమానం.

కంప్యూటర్‌తో పాటు కంప్యూటర్ కుర్చీ కూడా వచ్చింది. నీలం రంగు గుడ్డ, నున్నగా మెరుస్తూ ఉంటుంది. కింద చక్రాలు, పక్కన ఎత్తు పెంచే మీట. మొదటి రోజు బాబాయి దాని చుట్టూ తిరిగాడే గానీ కూర్చోలేదు. రెండో రోజు అంచు మీద కూర్చున్నాడు. ఒక సెలవు రోజున వాచ్‌మన్‌ని బతిమాలి పిన్నిని తీసుకొచ్చి చూపించాడు. పిన్ని అంటే ఆయన భార్య. ఆవిడ కూర్చోగానే బాబాయి కుర్చీని గిర్రున ఒక్క తిప్పు తిప్పాడట. "కళ్ళు తిరిగిపోయాయి గానీ, మా ఆయన ఇంత దర్జాగా ఉద్యోగం చేస్తున్నాడని అప్పుడే తెలిసిందమ్మా" అని ఆవిడే తర్వాత నాకు చెప్పింది.

అప్పటిదాకా అంతా సవ్యంగానే ఉంది. ఎండలు ముదిరాక కంప్యూటర్ వేడెక్కిపోతుందని హాల్లో ఏసీ పెట్టారు. ఇన్నేళ్ళూ మేం ఉక్కపోతలో ఉడికిపోతుంటే ఎవరికీ తట్టని ఆలోచన, యంత్రానికి చెమట పడుతుందేమో అనేసరికి వెంటనే తట్టింది. ఆ చలువలో మేం కూడా పడి ఉన్నాం, అదే మహాభాగ్యం. కంప్యూటర్ ఆగిపోవడం మొదలైంది కూడా అప్పుడే.

ఎలా అంటే, కిటికీ అవతల ఎవరో పుట్టిన బిడ్డ పేరు చెబుతుంటారు, బాబాయి టైపు చేస్తుంటాడు. సార్ గది తలుపు కిర్రుమంటుంది. అందరం లేస్తాం. సార్ అలా వెళ్ళిపోతారు. బాబాయి కూర్చుని చూసేసరికి తెర నల్లగా ఉంటుంది. పక్కనున్న కంప్యూటర్ డబ్బా ఒకసారి గుర్రుమని, ఏమీ ఎరగనట్టు మళ్ళీ మొదటినుంచి మొదలుపెడుతుంది. పుట్టిన బిడ్డ మళ్ళీ పుట్టాలి. చనిపోయినవాళ్ళ బంధువులైతే పాపం ఆ తేదీ, ఆ కారణం మళ్ళీ మొదటినుంచి చెప్పుకోవాలి. ఒకావిడ రెండోసారి చెబుతూ ఏడ్చేసింది. బాబాయి ఆవిడకి చేతులు జోడించాడు.

దీనికి ఆఫీసులో తలో కారణం చెప్పారు. సార్ జేబులో ఉండే ఫోను వల్ల అని క్యాషియర్ అన్నాడు. కంప్యూటర్‌కి కూడా సార్ అంటే భయమని స్టోర్‌కీపర్ అన్నాడు. సార్ మాత్రం పరిశోధన చేసినవాడిలా ఒకరోజు బాబాయి బల్ల దగ్గర ఆగారు.

"ఏమయ్యా, నన్ను చూడగానే ఎందుకు ఆపేస్తావు?"

"నేను ఆపలేదు సార్. అదే ఆగిపోయింది."

"అదే ఆగిపోవడానికి దానికి కళ్ళున్నాయా? నేను రావడం అది చూస్తుందా? పేకాట ఆడుకుంటున్నావా దాంట్లో?"

పేకాట అనేది ఆ యంత్రంలో ఉంటుందని కూడా బాబాయికి తెలీదు. సార్ అంతటితో ఆగలేదు.

"డైరెక్టర్ గారు తనిఖీకి వస్తున్నారు. నిమిషంలో పత్రం చేతికిచ్చే ఆఫీసు మాదేనని నేను ఆయనకి చెప్పుకున్నాను. ఆ రోజు గనక ఇది ఆగిందో, నువ్వు రికార్డు రూముకే. కంప్యూటర్‌కి వేరే మనిషిని చూసుకుంటాను."

రికార్డు రూము అంటే మెట్ల కింద ఉన్న గది. కిటికీ ఉండదు. ఒక బల్బు, బోలెడు దుమ్ము, ఎలుకలు. అక్కడికి వెళ్ళినవాళ్ళు రిటైరైన రోజున గానీ మళ్ళీ పైకి కనిపించరు. బాబాయి ఆ మధ్యాహ్నం భోజనం క్యారేజీ మూత కూడా తియ్యలేదు. "ఎలుకలకి నేను భయపడనమ్మాయ్. టైపు మిషన్ పోయినప్పుడు అందరూ నా పని అయిపోయిందన్నారు. మళ్ళీ నేర్చుకున్నాను. ఇది కూడా పోతే ఇంక నేర్చుకునే ఓపిక నాకు లేదు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చెయ్యి కీబోర్డు మీదే ఉంది.

ఇక మెకానిక్ ప్రవేశించాడు. జేబులో స్క్రూడ్రైవరు, మొహం మీద అంతులేని ఆత్మవిశ్వాసం. డబ్బాకి చెవి ఆనించి, డాక్టరులా కళ్ళు మూసుకుని విన్నాడు. "ర్యామ్" అన్నాడు. మూత తీసి, లోపలినుంచి ఒక చిన్న బద్ద ఊడబీకి, పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో రుద్ది, ఉఫ్ అని ఊది మళ్ళీ పెట్టాడు. తర్వాత తనే బాబాయి కుర్చీలో దర్జాగా వెనక్కి వాలి చాలాసేపు నడిపి చూశాడు. ఆ కాసేపట్లో సార్ అటూ ఇటూ తిరిగారు కూడా. మెకానిక్ మా ఆఫీసు మనిషి కాదు కాబట్టి లేవలేదు. కంప్యూటర్ ఆగలేదు. "చూశారా, నా చెయ్యి పడితే అంతే" అని వెళ్ళిపోయాడు.

అతను గేటు దాటేలోపు సార్‌కి మళ్ళీ అవసరం పడింది, కంప్యూటర్ మళ్ళీ ఆగింది.

తర్వాతి సారి వచ్చి పవర్ సప్లై మార్చాడు. ఆ తర్వాత విండోస్ కొత్తగా వేశాడు. ఆ తర్వాత హార్డ్ డిస్కు. ఆ తర్వాత ఇది వైరస్ అన్నాడు. పాత డబ్బాలో ఇనప రేకు తప్ప మిగిలినవన్నీ కొత్తవే అయ్యాయి. తన షాపుకి తీసుకెళ్తే గడియారంలా నడుస్తుందట, ఇక్కడికొస్తేనే మొరాయిస్తుందట. "ఆపరేటింగ్ సరిగ్గా లేదు సార్. ముసలాయన ఏదో తప్పుడు మీట నొక్కుతున్నాడు" అని చివరికి తేల్చాడు. తన తెలివికి అంతు కనిపించగానే పక్కవాడి తప్పు కనిపించడం ఆ వృత్తి గొప్పతనం. సార్ తలూపారు. బాబాయి లేచి నిలబడి ఆ తీర్పు విన్నాడు.

ఇంతలో బాబాయి ఇంటి మెట్ల మీద జారిపడి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. సెలవు పెట్టమని పిన్ని పోరు పెట్టింది. పెడితే ఆ కుర్చీలో ఇంకెవర్నైనా కూర్చోబెట్టేస్తారని ఆయన భయం. కాలికి తెల్లటి కట్టుతో, చంకలో కర్రతో ఆఫీసుకి వచ్చి, కాలు ఒక చెక్క పెట్టె మీద చాపుకుని పనిలో కూర్చున్నాడు. లేవడం కుదరదు. సార్ వస్తుంటే కూర్చున్నచోటే తేలు కుట్టినవాడిలా మెలికలు తిరిగిపోయేవాడు. సార్ మొదటి రోజు ఆగి, "ఫరవాలేదు, కూర్చో. కట్టు విప్పేదాకా లేవక్కర్లేదు" అని హాలంతా వినేలా సెలవిచ్చారు. ఆ ఉదారత గురించి సార్ స్వయంగా చాలామందికి చెప్పుకున్నారు.

కట్టు ఉన్నంతకాలం కంప్యూటర్ ఒక్కసారి కూడా ఆగలేదు.

అదే సమయానికి మెకానిక్ డబ్బాలో ఒక చిన్న ఫ్యాను మార్చి ఉన్నాడు. ఇంకేముంది, రోగమంతా ఆ ఫ్యానులోనే ఉందని అతను, ఎట్టకేలకు పట్టుకున్నావయ్యా అని సార్, ఒకరినొకరు తెగ మెచ్చుకున్నారు. కిటికీ దగ్గర వరస చకచకా కదిలింది. బాబాయి కాలు నొప్పితో కూడా కూనిరాగం తీస్తూ టైపు చేసేవాడు. ఆ రోజుల్లో ఆయన మొహంలో ఉన్న వెలుగు నేను అంతకు ముందు చూడలేదు.

కట్టు విప్పిన మర్నాడు ఆయన తల నున్నగా దువ్వుకుని వచ్చాడు. తలుపు కిర్రుమంది. ఎప్పుడూ మేం లేస్తూ సార్ వైపే చూస్తాం, అదీ మర్యాదలో భాగమే. ఆ రోజు మాత్రం నేను బాబాయి కాలు వైపు చూస్తున్నాను, బరువు ఆనుతుందో లేదో అని. ఆయన ఎప్పటిలాగే పక్కనున్న డబ్బా మీద చెయ్యి ఆనించి లేచాడు. చిటుక్కుమని చిన్న చప్పుడు. ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆ క్షణంలోనే తెర నల్లబడింది.

"మళ్ళీ ఆరంభించావూ?" అన్నారు సార్, నడక ఆపకుండానే.

భోజనాల వేళ అందరూ వెళ్ళాక నేను బాబాయిని ఆపాను. "ఒకసారి కూర్చుని లేవండి" అన్నాను. లేచాడు, చెయ్యి డబ్బా మీద పడింది, ఆగింది. మళ్ళీ కూర్చోబెట్టి, డబ్బా ముట్టుకోకుండా లేవమన్నాను. కాలు ఆనక బల్ల పట్టుకున్నాడు. బల్ల ఇనుము, డబ్బా ఇనుము, రెండూ ఒకదాని మీద ఒకటి. మళ్ళీ ఆగింది.

"బాబాయ్, చలికాలం స్వెట్టరు విప్పేటప్పుడు చిటపటలాడుతుంది చూడండి. ఇదీ అదే. ఈ ఏసీ చలికి, ఈ కుర్చీ గుడ్డకి, మీరు రాసుకుంటూ లేచేసరికి ఒంట్లో కరెంటు చురుకు పుడుతోంది. అది డబ్బాలోకి పోతోంది. అది భూమిలోకి పోయే దారి గోడ ప్లగ్గులో ఉండాలి. మన ప్లగ్గులో మూడో కన్నం అలంకారానికే ఉంది, వెనక తీగ లేదు."

వైరింగ్ బాగు చేయించడం బిల్డింగు అద్దెకిచ్చినాయన పని అని మా ఆఫీసు, ఆఫీసు పని అని ఆయన, ఇద్దరూ వాదించుకుంటున్నారు. అది తేలేలోపు బాబాయి ఎలాగూ రిటైరైపోతాడు.

బాబాయి కుర్చీ గుడ్డని వేళ్ళతో తడిమాడు. "అంటే, నేను లేవడం వల్లే..." అన్నాడు.

"అవును. లేవకండి. అంతే."

సార్‌ని చెంపమీద కొట్టమన్నట్టు చూశాడు నన్ను. "డైరెక్టర్ గారు వస్తే కూడానా?"

"ఆయన వచ్చినప్పుడే అసలు లేవకూడదు. ఆ రోజే కదా మీ సీటు తేలేది."

"సార్‌కి ముందే చెబితేనో?" అని తనే అని, తనే బెదిరిపోయాడు. "మీరొస్తే నేను లేవను సార్ అని నా నోటితో ఎలా అనేదమ్మాయ్?"

అయితే నేనే వెళ్తానన్నాను. నా నోరు ఎలాగూ మంచిది కాదని ఆఫీసంతటికీ తెలుసు. సార్ గదిలోకి వెళ్ళి విషయం చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"చూడమ్మా, యంత్రం పాడైతే యంత్రాన్ని బాగు చేయించాలి. మర్యాద మీద పడితే ఎలా? రేపు ఏసీ పాడైతే నన్ను ఆఫీసుకి రావద్దంటారా?"

రమ్మని కూడా ఎవరూ అనడం లేదని నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. "పోనీ ఆయనకి మామూలు చెక్క కుర్చీ ఇప్పించండి సార్. సందర్శకుల కోసం వేసినవి చాలా ఖాళీగానే ఉన్నాయి" అన్నాను.

"కంప్యూటర్ మనిషికి కంప్యూటర్ కుర్చీయే ఇవ్వాలి. వేరే కుర్చీ ఇవ్వాలంటే పైనుంచి అనుమతి రావాలి. మనిష్టం వచ్చినట్టు మార్చడానికి ఇదేమైనా మన ఇల్లా?" అన్నారు. నేను బయటికి వస్తుంటే ఆయనే లేచి నా వెనకే వచ్చారు, అలవాటు ప్రకారం హాలు రెండో చివరికి. బాబాయి లేచాడు. కంప్యూటర్ ఆగింది.

తనిఖీ రోజు వచ్చింది. హాలు తుడిచారు, గోడలు తుడిచారు, క్యాషియర్ ఎప్పుడూ తుడవని తన కళ్ళజోడు కూడా తుడుచుకున్నాడు. కిటికీ దగ్గర ఒకావిడ పసిబిడ్డని ఎత్తుకుని నిలబడి ఉంది. ఆ బిడ్డ పత్రమే డైరెక్టర్ గారి ఎదుట నిమిషంలో తీసి ఇవ్వాలని సార్ ఏర్పాటు. బాబాయి కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. "లేవకండి" అని నేను పెదవులతోనే అన్నాను. ఆయన తలూపాడు. నుదుటి మీద, ఆ ఏసీలో, చెమట.

డైరెక్టర్ గారు వచ్చారు. అందరం లేచాం. ఆ రోజు స్టోర్‌కీపర్ కనుబొమలతో పాటు మనిషి కూడా లేచాడు. సార్ అయితే ముందే లేచి గుమ్మంలో ఉన్నారు. హాలు మొత్తం మీద కూర్చుని ఉన్నది బాబాయి ఒక్కడే.

ఆ కాసేపూ ఆయన ఎంత నరకం అనుభవించాడో నాకు తెలుసు. మెడ నరాలు ఉబ్బాయి. మోకాళ్ళు వాటంతట అవే లేవబోతుంటే చేతులతో కిందికి నొక్కి పట్టుకున్నాడు. అయినా వేళ్ళు తీసి టైపు చేశాడు, బిడ్డ పేరు, తల్లి పేరు, తండ్రి పేరు. తెర వెలుగుతూనే ఉంది. ఇంకొక్క మీట నొక్కితే పత్రం ప్రింటరులోంచి బయటికొస్తుంది. నా ఆనందం ఇంతా అంతా కాదు.

సార్ చూపు బాబాయి మీద పడింది. ఆయన మొహం వంకాయ రంగుకి తిరిగింది.

"లేవండి" అన్నారు పళ్ళ మధ్యనుంచి. పెద్దవాళ్ళ ముందు సార్ మమ్మల్ని మీరు అంటారు.

"సార్, లేస్తే పోతుంది సార్."

"ఏం పోతుంది?"

"మొత్తం పోతుంది సార్."

"లేవమంటున్నానా!"

బాబాయి నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. కానీ ఎన్నో ఏళ్ళుగా ఒక్క ఆజ్ఞని కూడా కాదనని మనిషి, నా తల ఊపుని ఎంతసేపు చూస్తాడు? లేచాడు. చెయ్యి డబ్బాకి ఆనింది. చిటుక్కు. తెర నల్లబడింది. కిటికీ అవతల బిడ్డ ఏడుపు లంకించుకుంది.

"లేవమంటే లేచేయడమేనా?" అని అరిచారు సార్. "పని మధ్యలో ఉందని చూసుకోవద్దూ?"

డైరెక్టర్ గారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. ఇంక నేను ఊరుకోలేకపోయాను. ఏసీ, కుర్చీ గుడ్డ, ప్లగ్గులో తీగ లేకపోవడం, కట్టు ఉన్నన్నాళ్ళూ ఆగకపోవడం, అన్నీ గడగడా చెప్పేశాను. డైరెక్టర్ గారు చదువుకున్నవారు, కొత్త విషయాలంటే ఇష్టపడేవారు. ఆయనకి ఇది భలే సరదాగా తోచింది.

"నిజమా? ఏదీ, కూర్చోండి" అన్నారు బాబాయితో. కూర్చున్నాడు. కంప్యూటర్ తెరుచుకునేదాకా అందరం ఆగాం. "లేవండి." లేచాడు. ఆగింది. డైరెక్టర్ గారు చప్పట్లు కొట్టారు. "మళ్ళీ!" అన్నారు. బాబాయి మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. క్యాషియర్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. సార్ కూడా డైరెక్టర్ గారి మొహం చూసి నవ్వడం మొదలుపెట్టారు. అప్పుడప్పుడే కట్టు విప్పిన కాలు వణుకుతోంది, అది ఎవరూ చూడలేదు. ఆ క్షణంలో నేను కూడా ఉన్న ఆ హాలంటే నాకు అసహ్యం వేసింది.

"మరేం చేద్దామంటారు సార్?" అన్నారు సార్ చేతులు నలుపుకుంటూ. "వైరింగ్ మన చేతిలో లేదు. వేరే కుర్చీ ఇవ్వాలంటే మీ అనుమతి..."

"అనుమతంటే ఫైలు పెట్టాలి, అదంతా పెద్ద తతంగం" అన్నారు డైరెక్టర్ గారు. గడ్డం గోక్కున్నారు. ఉన్నట్టుండి మొహం వెలిగింది. "చాలా సులువయ్యా. లేవడంతోనే కదా చిక్కు? కూర్చుంటేనే కదా లేవడం? కుర్చీ తీసెయ్యండి!"

హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. అంతమంది బుర్రలకి అందనిది ఆయన బుర్రకి అందింది. ఆయన ఊరికే డైరెక్టర్ అవలేదు.

"ఇవ్వడానికి అనుమతి కావాలి గానీ, తీసెయ్యడానికి అక్కర్లేదు కదా" అని సార్ వెంటనే అందుకున్నారు.

"పైగా ఆరోగ్యం కూడా. పెద్ద పెద్ద కంపెనీల్లో ఇప్పుడు నిలబడే పనిచేస్తున్నారట. గుండెకి, నడుముకి ఎంతో మంచిదట" అని డైరెక్టర్ గారు బాబాయి భుజం తట్టారు. అంత పెద్దమనిషి భుజం తట్టేసరికి బాబాయి చేతులు జోడించాడు.

ఆ సాయంత్రమే కుర్చీ చక్రాల మీద దొర్లుకుంటూ సార్ గదిలోకి వెళ్ళిపోయింది. అక్కడ కంప్యూటర్ లేదు కాబట్టి ప్రమాదమేమీ లేదు. బల్ల ఎత్తు చాలదని దాని కాళ్ళ కింద ఇటుకలు పెట్టారు. ఆ రోజు నుంచి ఇంతవరకూ కంప్యూటర్ ఒక్కసారి కూడా ఆగలేదు. మెకానిక్ వచ్చి చూసి, తను మార్చిన సామాన్లన్నీ మంచి కంపెనీవని అన్నాడు. రికార్డు రూము మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. బాబాయి సీటు బాబాయికే ఉంది, కూర్చోవడానికి తప్ప.

మొదటి వారం నేను మండిపడుతూనే ఉన్నాను. చెక్క కుర్చీ ఒకటి తెచ్చి ఆయన పక్కన వేశాను. సార్ దాన్ని తీయించేశారు. మళ్ళీ తెస్తానంటే బాబాయే వద్దన్నాడు.

"వద్దులేమ్మాయ్, నా కోసం మాటలు పడకు. పని నా చేతిలోనే ఉంది కదా, అది చాలు" అన్నాడు, టైపు చేస్తూనే. బరువు మంచి కాలు మీద వేసి, రెండో కాలు ఇటుక మీద ఆనించుకున్నాడు. "నిజం చెప్పనా, ఒకందుకు హాయిగానే ఉంది. ఇంక ఎవరొచ్చినా లేవక్కర్లేదు."

నాకు ఏడుపొచ్చింది. ఆయన చూడకుండా మొహం తిప్పుకున్నాను.

తలుపు కిర్రుమంది. సార్ బయటికొచ్చారు. క్యాషియర్ కుర్చీ వెనక్కి జరిగింది. స్టోర్‌కీపర్ కనుబొమలు లేచాయి. నేను కావాలనే కూర్చుండిపోయాను. బాబాయి కంగారుగా అటూ ఇటూ చూశాడు. మిగతా అందరూ లేస్తున్నారు, తను ముందే నిలబడి ఉన్నాడు, లేచినట్టు సార్‌కి తెలిసేదెలా? ఒక చేత్తో బల్ల పట్టుకుని, ఆ విరిగి అతికిన కాలితో సహా, మునివేళ్ళ మీద పైకి లేచి నిలబడ్డాడు. సార్ దాటి వెళ్ళేదాకా అలాగే ఉన్నాడు.